వినపడని ఔను

నది పొంగి ఉంది. నీళ్ళు తగ్గేదాకా ఆగక తప్పదని ట్రక్కు నడిపే రెక్సన్ ఇంజను ఆపేసి, టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. ఉడికించిన కర్రపెండలం ముక్కను నములుతూ నది వైపు చూస్తున్నాడు, పాత బాకీదారుణ్ణి చూసినట్టు. వెనక తొట్టిలో ఎక్కినవాళ్ళు ఒక్కొక్కరే దిగి నీడ వెతుక్కున్నారు. కాళ్ళు కట్టేసిన పందిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన మాత్రం దిగలేదు. దిగితే పందిని మళ్ళీ ఎక్కించడం తన వల్ల కాదన్నాడు.

"లెయివియక్కా, నీ పట్నపు చెప్పులు నదికిస్తావా, చేతిలో పట్టుకుంటావా?" అన్నాడు రెక్సన్.

"నది అడిగితే నిన్నే ఇచ్చేస్తాను తమ్ముడూ, చెప్పులు నాకు కావాలి" అంది లెయివియా.

ఏభై దాటిన మనిషి. పూల గౌను, మెడలో గుర్తింపు కార్డు, ప్లాస్టిక్ సంచిలో చుట్టి భద్రంగా పట్టుకున్న చిన్న కంప్యూటరు పలక. ఈ దీవుల దేశపు రాజధాని విలాలో ఉంటుంది. తుపాను తర్వాత కొండ దిగి నవెలే తీరాన స్థిరపడినవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో అడిగి తెలుసుకోవడానికి ఈ సాంటో దీవికి వచ్చింది. మూడు దశాబ్దాలుగా ఆమె వృత్తి అదే: అడగడం.

తోటల వైపు నుంచి వచ్చే కాలిబాటన ఒక ముసలామె దిగివస్తోంది. వీపున మొగలి ఆకుల బుట్ట, బుట్ట నిండా చేమదుంపలు. ఒక కన్ను పూర్తిగా తెల్లబడింది, రెండోది సగం. కర్రతో నేల తడుముకుంటూ, అయినా ఎక్కడా తడబడకుండా నేరుగా ట్రక్కు దగ్గరికొచ్చి ఆగింది.

"బుబు, నవెలేకేనా?" అని అడిగింది లెయివియా. బుబు అంటే అమ్మమ్మ, నాయనమ్మ, తాత, ఎవరైనా కావచ్చు. పెద్దవాళ్ళందరికీ అదే పిలుపు.

ముసలామె కనుబొమలు పైకి లేచి దిగాయి.

ఈ దీవుల్లో ఔననే మాట నోటితో అక్కర్లేదు. కనుబొమలు రెండూ ఒక వెంట్రుకవాసి లేస్తాయి, అంతటితో పని అయిపోతుంది. పెళ్ళికి ఒప్పుకోవడం, పందిని అమ్మడం, మత్తెక్కించే కావా వేరురసం ఇంకో చిప్పెడు పొయ్యమనడం, అన్నీ ఆ కదలికలోనే. మనవాళ్ళు తల అటూ ఇటూ ఆడిస్తూ ఔనంటారు. అది ఔనో కాదో తెలియక పరదేశపు వర్తకులు ఎన్ని రేవుల్లో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారో! దేశాలు పట్టుకుని తిరిగితే ఒకటి తెలుస్తుంది: ఒప్పుకునేటప్పుడు మనిషి నాలుకను పెద్దగా కష్టపెట్టడు. కాదనడానికే మాటలు వెతుక్కుంటాడు.

లెయివియా బుట్ట అందుకుని తొట్టిలో పెట్టింది. "ఇలా నీడలోకి రా బుబు. నీళ్ళు తగ్గడానికి చాలాసేపు పడుతుందట."

ముసలామె కదల్లేదు. తల పక్కకు వంచి, చెవిని ముందుకు పెట్టి నిలబడింది.

"ఇంకోసారి మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"అదే, ఈ గొంతే. నువ్వు ఫోన్లో పిల్లవి. తుపాను తర్వాత మామిడిచెట్టు కింద మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, ఫోన్లో అడిగావు. కొండకు తిరిగి వెళ్ళిపోవాలని ఉందా బుబు, అని."

లెయివియాకు ముసలామె పేరు గుర్తుకొచ్చింది. వెమోలి. ముఖం ఎన్నడూ చూడలేదు. గొంతు కూడా పెద్దగా వినలేదు. ఆ రోజు ఈ మనిషి దాదాపు ఏమీ మాట్లాడలేదు.

"నేనే బుబు."

"ఎంత చెవిటిదాన్ని పెట్టారమ్మా, అనుకున్నాను" అంది వెమోలి. "మళ్ళీ మళ్ళీ అదే అడుగుతావు. మళ్ళీ మళ్ళీ చెప్తాను. మళ్ళీ అడుగుతావు."

"నువ్వేమీ చెప్పలేదు బుబు. నాకేం వినిపించలేదు."

"చెప్పాను కదే! ఇదిగో, ఇలా." ముసలామె కనుబొమలు లేచి దిగాయి. "ఇలా, ఇలా. నా నుదురు నొప్పెట్టింది."

తొట్టిలో పెద్దాయన పంది మీద పడి నవ్వాడు. "ఫోనుకు కళ్ళుంటాయా బుబు!" పంది కీచుమంది. రెక్సన్ నోట్లో కర్రపెండలం పొరపోయింది. చెట్టు కింద ఆడవాళ్ళు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ నవ్వారు. వెమోలి కూడా నవ్వింది. లెయివియా కూడా అందరితో పాటే నవ్వింది. అయితే ఆమె నవ్వు ముందుగా ఆగిపోయింది. మిగతావాళ్ళు ఇంకా నవ్వుతుండగానే ఆమె ట్రక్కు అంచును చేత్తో పట్టుకుంది.

ఆ రోజు ఒక్క వెమోలి మాత్రమే కాదు మౌనంగా ఉన్నది. వరసలోని ముసలాళ్ళంతా మౌనంగానే ఉన్నారు.

*

లెయివియా పుట్టింది విలా ఉన్న ఎఫాటే దీవి పక్కనే ఒక చిన్న దీవిలో. పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే నోరు తెరిచి "ఔను" అనడం అక్కడ పొగరు. చిన్నప్పుడు ఒకసారి అలా అన్నందుకు నాయనమ్మ కొబ్బరి ఈనెతో కాలిమీద ఒకటిచ్చింది. "నీ నుదురు ఎవరైనా ఎత్తుకెళ్ళారా? బిడ్డ జవాబు ముఖంలో ఉండాలి, నోట్లో కాదు." ఆ పిల్ల పెద్దదై బడిపంతులమ్మ అయింది. తర్వాత పరిశోధకులు రావడం మొదలైంది. తుపాను వస్తే వచ్చేవారు, అగ్నిపర్వతం రగిలితే వచ్చేవారు, ఎన్నికలప్పుడూ వచ్చేవారు. పేదరికం ఎంత, ఆడవాళ్ళకు హక్కులెన్ని, సాయం అందినవాళ్ళెవరు, అందనివాళ్ళెవరు అని అడిగేవారు. వాళ్ళ ప్రశ్నలను ఊరి మాటల్లోకి, ఊరి జవాబులను వాళ్ళ మాటల్లోకి మార్చే మనిషి కావలసి వచ్చింది. మనుషుల ఎదుట కూర్చుని తొందరపెట్టకుండా అడగడం లెయివియాకు చేతనైన విద్య. ముసలాళ్ళు ఆమెతో ఇష్టంగా మాట్లాడేవారు.

మొదటి రోజుల్లో ఒక మెల్‌బోర్న్ ప్రొఫెసరు టేపురికార్డరు ఆపి, నవ్వుతూ అంది: "లెయివియా, ఈ యంత్రానికి నీ నుదురు వినపడదు." ఆ ప్రొఫెసరు పేరు హెలెన్. మంచి మనిషి. నిజంగానే మంచి మనిషి, చెడ్డదైతే ఈ కథ ఇంత బాధ పెట్టదు. ఆ మాట లెయివియా మనసులో నాటుకుంది. అద్దం ముందు నిలబడి నోటితో ఔననడం అలవాటు చేసుకుంది. కనుబొమలు లేవబోతే వేలితో నొక్కి పట్టుకునేది. కొన్నాళ్ళకు అవి లేవడం మానేశాయి.

"మా ఆవిడకు నుదురు చచ్చిపోయింది" అని భర్త కల్మెట్ కావా తాగేచోట అందరికీ చెప్పేవాడు. "అన్నం పెట్టనా అంటే ఔనంటుంది, నిద్రొస్తోందా అంటే ఔనంటుంది. ఇంట్లో రేడియో పెట్టుకున్నట్టుంది బావా."

నవ్వుకునేవారు. లెయివియాకూ అది కొంచెం గర్వంగానే ఉండేది.

తర్వాత ఆ ఏడాది వచ్చింది. ఎక్కడో పుట్టిన జబ్బు ప్రపంచమంతా పాకింది. ఈ దేశం తలుపులు మూసుకుంది. జబ్బు లోపలికి రాలేదు, తుపాను మాత్రం వచ్చింది. ఉత్తరాది దీవుల మీద పడి కప్పులు, తోటలు, సీమపనస చెట్లు ఊడ్చుకుపోయింది. మామూలు రోజులైతే వారం తిరక్కుండా సాయం సంస్థల చొక్కాలు తొడుక్కున్న విదేశీయులు దిగేవారు. ఆసారి ఒక్కరూ రాలేదు. రావడానికి లేదు. వచ్చిన సామాను కూడా రేవులోనే క్రిమిమందు కొట్టించుకుంటూ పడి ఉంది. విలా నుంచి ఇంకో దీవికి వెళ్ళాలన్నా అనుమతి దొరకడం గగనమైంది.

"ఇప్పుడు నువ్వే మా కళ్ళు, లెయివియా" అంది హెలెన్ ఫోన్లో. "ఇలాంటప్పుడే పేదవాళ్ళ హక్కులు చడీచప్పుడు లేకుండా పోతాయి. వాళ్ళనేం అడక్కుండా ఎవరెవరో నిర్ణయాలు తీసేసుకుంటారు. మనం అడగాలి. వాళ్ళ మాట నమోదు కావాలి."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఒక్క మాటే తప్పు. లెయివియా దగ్గర ఆ రోజున ఉన్నవి చెవులు, కళ్ళు కావు.

విలాలో తన వంటగదిలో కూర్చుని ఆమె నవెలేకు ఫోను చేసేది. అక్కడ సిగ్నలు దొరికేది మామిడిచెట్టు దగ్గరే. ఎవరో ఫోను పట్టుకునేవారు, ముసలాళ్ళు వరసగా వచ్చి కూర్చునేవారు. తుపాను రోజు ఏం జరిగింది? ఆ ప్రశ్నకు మాటలొచ్చేవి. ఏం తింటున్నారు? మాటలొచ్చేవి. తిరిగి కొండకు, వునమారాకు వెళ్ళాలని ఉందా? గాలి. కోడి. ఎవరో దగ్గడం. మళ్ళీ అడిగేది. మళ్ళీ గాలి. హెలెన్ పెట్టిన నియమం చిన్నది: వినపడినదే జవాబు, మనం ఊహించింది జవాబు కాదు. మంచి నియమమే. లెయివియా దాన్ని కొత్తవాళ్ళకు తానే నేర్పేది. "స్పష్టమైన జవాబు లేదు" అని రాసుకుని తర్వాతి మనిషిని పిలవమనేది.

ఆ మౌనం ఖాళీ మౌనంలా లేదని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. వంట చేస్తూ, కొబ్బరి కోరుతూ, మరోసారి కూడా అనిపించింది. రెక్సన్ లాంటి కుర్రాణ్ణి ఎవరినైనా పిలిచి "వాళ్ళ ముఖాలు చూసి చెప్పు నాయనా" అంటే సరిపోయేది. ఆ పని ఆమె చెయ్యలేదు. ముద్రించిన పుస్తకంలో ఒక వాక్యం వచ్చింది: పెద్దవయసువారిలో అధికులు తిరిగి వెళ్ళాలన్న కోరికను వ్యక్తం చేయలేదు. అట్ట మీద హెలెన్ పేరు పక్కన లెయివియా పేరు. కల్మెట్ దాన్ని చర్చిలో అందరికీ చూపించాడు.

*

నీళ్ళు తగ్గాయి. ట్రక్కు ఊగుతూ నది దాటింది. తొట్టిలో వెమోలి, లెయివియా పక్కపక్కన కూర్చున్నారు.

"సోరి బుబు" అంది లెయివియా.

"సోరి బిడ్డా" అంది వెమోలి, జాలిగా.

ఈ దీవుల భాషలో ఇదొక చిక్కు. కాలికి ముల్లు గుచ్చుకున్నవాడికీ సోరి చెప్తారు, చావింట్లోనూ సోరి చెప్తారు. తప్పు చేసినవాడూ ఆ మాటే వాడాలి. ముసలామె దాన్ని జాలి అనుకుని జాలినే తిరిగిచ్చింది. మన భాషలో మాత్రం ఏముంది గనక? క్షమించమనే మాట నాటకంలో రాజు నోట్లో బాగుంటుంది. వంటింట్లో ఎవరంటారు? తప్పు చేసినవాడు ఊరికే వచ్చి గుమ్మంలో నిలబడతాడు, అవతలివాళ్ళు భోంచేశావా అని అడుగుతారు, అంతటితో సరి.

"రేపు భూముల ఆఫీసు నుంచి ఎవరో వస్తున్నారట" అంది వెమోలి. "కొండ సంగతి చెప్పడానికి. నా ముసలాడు వునమారాలోనే ఉన్నాడు, తెలుసుగా. సీమపనస పక్కన పాతిపెట్టాం. అతని పెండలం మడి కూడా అక్కడే ఉంది. ఈ ఉప్పు నేలలో పెండలం ఊరదు బిడ్డా, నీళ్ళు పట్టిన కాలిలా ఉబ్బి కుళ్ళిపోతుంది. నేను కొండకు పోతాను. కళ్ళు లేకపోయినా ఆ దారి నా కాళ్ళకు తెలుసు. రేపు నువ్వు కూడా ఉంటావు కదా? నువ్వు చదువుకున్నదానివి. నేను ఔనన్నానని చెప్పు."

"చెప్తాను బుబు" అంది లెయివియా, నోటితో, స్పష్టంగా.

*

పొద్దున సమావేశపు పాకలో అందరూ చేరారు. వచ్చిన అధికారి పేరు టారి. అంబయే దీవి మనిషి. చెమట తుడుచుకుంటూ, చేతికందిన కొబ్బరిబోండం తాగి, "మీ తీరం బాగుంది, మా అగ్నిపర్వతం కంటే నయం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత కాగితం విప్పాడు. వునమారా కొండభూమి పశువుల పెంపకానికి లీజు.

లెయివియా లేచింది. ఏదీ దాచకుండా చెప్పింది. ఫోను సంగతి, మామిడిచెట్టు సంగతి, వినపడకుండా పోయిన ఔనుల సంగతి, అన్నీ. "పుస్తకంలో ఉన్నది తప్పు. రాసింది నేనే. వాళ్ళు కోరిక చెప్పలేదని కాదు. చెప్పారు. నేను చూడలేదు."

టారి కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నాకూ కనుబొమలున్నాయి సిస్టర్" అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్తుంటే నాకు అర్థం కాకపోలేదు. మరి మీ ప్రొఫెసరమ్మ ఏమంటుంది?"

లెయివియా మామిడిచెట్టు దగ్గరికెళ్ళి ఫోను చేసింది. హెలెన్ అంతా విన్నది.

"అయ్యో లెయివియా. ఇది చాలా ముఖ్యమైన విషయం. మనం దీన్ని రాయాలి. కొత్త అధ్యయనంలో దీనికే ఒక అధ్యాయం పెడదాం."

"అదెప్పుడొస్తుంది?"

"నిధులు వస్తే... ఏడాదిన్నర, రెండేళ్ళు. పాతదాన్ని ఇప్పుడు మార్చలేం. మౌనాన్ని ఇప్పుడు ఔను అని రాస్తే రేపు ఎవరైనా ఏ మౌనాన్నైనా తమకు కావలసినట్టు రాసేసుకుంటారు. నువ్వే ఆలోచించు."

అదీ నిజమే. హెలెన్ ఎప్పుడూ నిజమే చెప్తుంది. లెయివియా ఫోను గౌను జేబులో వేసుకుని తిరిగొచ్చింది.

టారి ఆమె ముఖం చూశాడు. అడగలేదు. ముందు వరసలో కూర్చున్న ముసలాళ్ళ వైపు తిరిగాడు. "సరే, నేనే అడుగుతున్నాను. మీకు వునమారాకు వెళ్ళాలని ఉందా?"

వరసలో నుదుళ్ళన్నీ ఒకేసారి ముడతలు పడి సాపయ్యాయి. కొలనులోకి రాయి వేసినట్టు. వెమోలి అయితే కనుబొమలు దించడం కూడా మరిచిపోయి, తెల్లని కళ్ళతో పైకే చూస్తూ కూర్చుంది.

వెనక నుంచి ఆమె కోడలు అంది: "బుబు, కొండమీద కుళాయి ఉందా? బడి ఉందా? నీ మనవల్ని ఎత్తుకుని నది దాటేదెవరు?"

"నిన్నెవరు రమ్మన్నారే, నువ్విక్కడే ఉండు! కుళాయిని కట్టుకో!" అంది వెమోలి. పాకంతా నవ్వింది. టారి నవ్వలేదు.

"ఇది ఒప్పుకుంటారా అని అడగడానికి తెచ్చిన కాగితం కాదు పెద్దమ్మలారా" అన్నాడు. "చదివి వినిపించడానికి తెచ్చింది. పోయిన నెలలోనే సంతకాలయ్యాయి. కొండభూమి మీద హక్కున్న వంశంవాళ్ళు పెట్టారు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఎవరూ లేరని పుస్తకంలో ఉంది కదా, అని పెట్టారు. ఆవులు కూడా ఎక్కేశాయి." కాగితం మడుస్తూ, "సోరి" అన్నాడు. అది జాలో, క్షమాపణో, ఎవరూ అడగలేదు.

*

మధ్యాహ్నానికి రెక్సన్ ట్రక్కుతో తిరిగొచ్చి రోడ్డు మీద హారన్ కొట్టాడు. లెయివియా సంచీ భుజాన వేసుకుంది. ఆమె అడగాల్సిన కొత్త ప్రశ్నలు పలకలో అలాగే ఉన్నాయి. ఒక్కరినీ అడగలేదు.

వెమోలి రేకుల ఇంటి ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆకుల్లో చుట్టి కాలిన రాళ్ళ మీద వండే లాప్‌లాప్ కోసం కర్రపెండలం ముళ్ళ కర్ర మీద కోరుతోంది. ఆకులు పక్కన పరిచి ఉన్నాయి. రాళ్ళు నిప్పుల్లో ఎర్రగా కాలుతున్నాయి. అడుగుల చప్పుడు విని చెయ్యి ఆపింది.

"ఫోను పిల్లేనా?"

"నేనే బుబు."

"తినిపో. ఇంకాసేపట్లో అవుతుంది."

"ట్రక్కు వచ్చింది బుబు."

"ఊఁ." ముసలామె మళ్ళీ కోరడం మొదలుపెట్టి, మళ్ళీ ఆపింది. "నేను పొద్దుట్నుంచీ మనసులో దీన్నే తిప్పుకుంటున్నాను. కోపం కాదు, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు నా ముఖం చూసి ఉంటే, ఇవాళ నేను కొండమీద ఉండేదాన్నా?"

లెయివియా నోరు తెరిచింది. మూడు దశాబ్దాలు అద్దం ముందు, యంత్రం ముందు, కొత్తవాళ్ళ ముందు పలికి పలికి అరిగిపోయిన ఆ ఒక్క మాట గొంతులోంచి రాలేదు. దానికి బదులు, చచ్చిపోయిందని కల్మెట్ నలుగురిలో చెప్పుకున్న నుదురు కదిలింది. కనుబొమలు రెండూ లేచాయి. లేచి దిగాయి.

వెమోలి తల పక్కకు వంచి, చెవిని ముందుకు పెట్టి కూర్చుంది. గాలి. కోడి. నిప్పుల్లో రాయి పగిలిన చప్పుడు.

"చెప్పవేం బిడ్డా?"

రోడ్డు మీద హారన్ మళ్ళీ మోగింది. ఈ దీవుల్లో ఎంత తొందరలో ఉన్నా, ఎంత తగువులో ఉన్నా, "ఆలే, టాటా" అని వీడ్కోలు చెప్పకుండా ఎవరూ ఎవరి గుమ్మం దాటరు. లెయివియా సంచీ సరిచేసుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, ఇసుకలో అడుగుల చప్పుడు కాకుండా మామిడిచెట్టు పక్కగా రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది.